పెరట్లో ఏ మామిడి? మా బరంపురం ఇంటి కథ

2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ తుపాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. తెల్లారేసరికి మా పెరట్లో మామిడిచెట్టు వేళ్లతో సహా ఒరిగిపోయి ఉంది. తాతయ్య నాటిన చెట్టు. కొమ్మలు నరికించాం, కలప అమ్మేశాం. నాలుగు లేత పుల్లలు కోసి దాచుదామని మాత్రం ఒక్కరికీ తట్టలేదు. టెంక పాతితే తల్లిచెట్టు పండే వస్తుందన్న పూచీ మామిడికి లేదు. అదే రకం కావాలంటే పుల్ల తెచ్చి అంటు కట్టాల్సిందే. ఆ సంగతి మాకు తెలిసేసరికి కలప కూడా లేదు.

ఆ చెట్టు సువర్ణరేఖ. విశాఖ, శ్రీకాకుళం వైపు బాగా పేరున్న రకం, పసుపు తొక్క మీద ఎర్రటి పొడ, మిగతావాటికంటే ముందే పండుతుంది. దీన్నే ఇక్కడ సుందరి అంటారు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా విడి రాష్ట్రమైనప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలోని గంజాం జిల్లా రెండుగా చీలింది. ఇచ్ఛాపురం అటు ఉండిపోయింది, బరంపురం ఇటు వచ్చింది. మన చుట్టాలూ అటూ ఇటూ అయ్యారు. నాయనమ్మ ఇంట్లో సువర్ణరేఖ అనేది, బజారుకెళ్తే సుందరి అనేది. రెండూ ఒకటే పండని నాకు పదేళ్లొచ్చేదాకా తెలీదు!

మళ్లీ ఏం నాటాలి అన్న దగ్గర గొడవ మొదలైంది. వాటాలు పడ్డాక పెరడు చిన్నదైంది. పాత పద్ధతిలో చెట్టుకూ చెట్టుకూ 10 మీటర్లు వదలాలంటే ఒక్కదానికే చోటు. బాబాయి బంగినపల్లి అన్నాడు. బజారునిండా దొరికే పండుకు పెరడెందుకని నాయనమ్మ కొట్టిపారేసింది. నాకూ ఆవిడ మాటే సబబనిపించింది. పిన్ని మాత్రం ఆవకాయకి కొత్తపల్లి కొబ్బరి కావాలంది. మంచి మాటే, కానీ ఏడాదికో రోజు పనికి చెట్టంత చోటా? అన్నయ్య ఆమ్రపాలి అన్నాడు. దశహరీ, నీలం కలిపి ఢిల్లీ పరిశోధనా సంస్థలో తయారుచేసిన పొట్టిరకం, 2.5 మీటర్ల ఎడం చాలు. పండు చిన్నదే గానీ కండ ముదురు నారింజ రంగు, తీపి గట్టిది. సీజను చివర్లో వస్తుంది. సువర్ణరేఖ ముందు, ఇది వెనక, అలా రెండూ పెడితే ఇంట్లో పండు ఎక్కువ రోజులుంటుంది. అలాగే తేలింది.

ఆమ్రపాలి నర్సరీలో దొరికింది. సువర్ణరేఖ కోసం ఇచ్ఛాపురం అత్తయ్యకి ఫోన్ చేశాం. వాళ్ల దొడ్లో చెట్టు ఉంది. తన పెళ్లైన ఏడాది తాతయ్య మన చెట్టు నుంచి కట్టించి పంపిన అంటే అది అంటుంది అత్తయ్య. నాన్న ఒప్పుకోడు, అది కొన్న మొక్క అంటాడు. అడగడానికి తాతయ్య లేరు.

ఈసారి సంచిలో మొక్క పెట్టలేదు. సంచిలో తల్లివేరు చుట్టలు చుట్టుకుంటుంది, గాలివానకి నిలవదు. అందుకని నాటు మామిడి టెంక గుంటలోనే పాతి, మొలిచిన మొక్కకి మరుసటేడు వానల్లో అక్కడే అంటు కట్టించాం. పుల్ల కోయడానికి వారం పది రోజుల ముందు అత్తయ్య ఆకులు తుంచేసి కాడలు మాత్రం ఉంచింది, అప్పుడే మొగ్గ ఉబ్బుతుంది. తడిగుడ్డలో చుట్టి బస్సులో తెచ్చాం. ఆరు పుల్లల్లో రెండు పట్టాయి, ఒకటి మేక తినేసింది.

నాలుగో ఏట పదకొండు కాయలు కాసింది. మొదటి పండు కోసి నాయనమ్మకిచ్చాం. ఒక చెక్క తిని, "కొంచెం పులుపుందిరా" అంది. రెండో చెక్క కూడా తీసుకుంది. నాన్నేమో ఇంకా ఆ పాత మాటే అంటున్నాడు.