బైబిల్ కాలపు నాణేలు (తెలుగు నేలపై)

యేసుక్రీస్తు జీవించిన కాలంలో రోమన్ సామ్రాజ్యంలో చెలామణి అయిన నాణేలు తెలుగు ప్రాంతాల్లోనూ నిధులుగా బయటపడ్డాయి. వీటిలో ముఖ్యమైనది తెలుగు బైబిల్ ‘దేనారము’ అని పేర్కొనే వెండి నాణెం. ద్రాక్షతోట ఉపమానంలో అది కూలివాని ఒక రోజు కూలి.

లభ్యాలు: నల్గొండ జిల్లా అక్కెనపల్లి నిధిలో 1,500కు పైగా దేనారాలు దొరికాయి. రోమన్ చక్రవర్తులు అగస్టస్ (క్రీ.పూ. 27–క్రీ.శ. 14), టైబీరియస్ (క్రీ.శ. 14–37) నాణేలే దక్షిణ భారతంలో ఎక్కువ. కైసరుకు (రోమన్ చక్రవర్తికి) పన్ను ప్రస్తావనలో యేసు చూపించమన్నది టైబీరియస్ దేనారమేనని సంప్రదాయ భావన. పూర్వపు కర్నూలు జిల్లాలోని నంద్యాలలో రోమన్ బంగారు నాణేలు లభించాయి.

చారిత్రక ప్రాధాన్యం: శాతవాహనుల కాలంలో మిరియాలు, నూలు వస్త్రాలు, రత్నాలు రుతుపవనాల గాలివాటున నౌకల్లో పడమటికి వెళ్లేవి, బదులుగా వెండి, బంగారం వచ్చేవి. భారత వాణిజ్యానికి ఏటా 5 కోట్ల సెస్టర్సులు (రోమన్ నాణేలు) తరలిపోతున్నాయని రోమన్ రచయిత ప్లినీ వాపోయాడు.

సేకరణ, చట్టం: భూమిలో దొరికిన నిధిని 1878 నిక్షేపాల చట్టం ప్రకారం కలెక్టరుకు తెలపాలి. నూరేళ్లు దాటిన నాణేలను ప్రైవేటు వ్యక్తులు విదేశాలకు పంపడాన్ని 1972 పురావస్తు చట్టం నిషేధించింది.