మన్యంలో ఇంటి కప్పుకు అనుమతి ఎవరిది?

పెదబయలు కొండల్లో ఇంటి కప్పు మార్చాలంటే చాలాకాలం ఎవరూ ప్లాను అడగలేదు. అడిగింది, దూలం ఏ చెట్టుది, ఎక్కడ కొట్టావని. కప్పు దేనితో వేస్తే, అనుమతి ఆ శాఖ చేతికి పోయింది. ఇక్కడి గృహచరిత్ర అంతా దాదాపు ఇదే.

1839 చట్టంతో విశాఖ, గంజాం మన్యాలు గవర్నరు ఏజెంటుగా కలెక్టరు ఏలుబడిలోకి వచ్చాయి. మైదానపు చట్టాలు కొండెక్కకపోయినా ఇళ్లకు లోటు రాలేదు. నిట్రాడు, దూలం, వాసాలు, వెదురు, పైన గడ్డి... అన్నీ అడవి ఇచ్చినవే. గడ్డి కప్పు శాశ్వతం కాదు, కొన్నేళ్లకోసారి తిరగ నేయాల్సిందే. అందుకే 1882 మద్రాసు అటవీ చట్టం వచ్చి రిజర్వు హద్దులు గీశాక అడవి మీద అవసరం ఒక్కసారితో తీరలేదు, ప్రతి మరమ్మతుకూ గార్డు ముందు నిలబడాల్సి వచ్చింది. 1922–24 నాటి అల్లూరి పోరాటానికి కారణాలు చెప్పేటప్పుడు మనం పోడు, వెట్టి దగ్గరే ఆగిపోతాం. ఇంటి కలపనూ ఆ లెక్కలో వేయాలని నా అభిప్రాయం.

స్వాతంత్ర్యం తర్వాత 1967 అటవీ చట్టం పాత దారినే నడిచింది. గిరిజన భూములు ఇతరులకు పోకుండా చూసే 1/70 నిబంధన భూమిని కాపాడింది గానీ, కప్పు జోలికి పోలేదు.

అసలు మార్పు పథకాలతో వచ్చింది. 1985లో ఇందిరా ఆవాస్ మొదలయ్యాక శ్లాబు ఇల్లు కొండెక్కింది, అనుమతి హౌసింగ్ అధికారి చేతికి వచ్చింది. 2016 నాటి గ్రామీణ ఆవాస్‌లో ఇల్లు కనీసం 25 చదరపు మీటర్లుండాలి, దశ దశకూ జియోట్యాగ్ ఫొటో పడాలి, అప్పుడే బిల్లు. కొండ ప్రాంతానికి సాయం 1.30 లక్షలుగా పెట్టారు. 2023లో వచ్చిన జన్‌మన్ పథకం పీవీటీజీ (మరీ దుర్బలమైన గిరిజన సమూహాల) కుటుంబాలకు 2 లక్షలు చేసింది. సిమెంటు, ఇనుము కొండెక్కించే కిరాయికే ఇందులో ఎంత పోతుందో బిల్లు రాసేవారికి తెలియనిది కాదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను ఏజెన్సీని కూడా కుదిపాక, శ్లాబు కోరుకునేవారిని తప్పుపట్టలేం.

కాగితం మీద నిబంధనలు లేకపోలేదు. గ్రామ పంచాయతీల లేఅవుట్, భవన నిర్మాణ నియమాలు 2002లో వచ్చాయి. జాతీయ భవన నియమావళి మాత్రం పెంకు మార్చడాన్నీ కప్పు తిరగవేయడాన్నీ అనుమతి అక్కర్లేని పనుల్లో చేర్చింది. పట్నంవాడికి ఇది ఊరటే. అడవి వాసాలతో కప్పు వేసుకునేవాడికి మాత్రం చిక్కు పంచాయతీ దగ్గర లేదు.

ఆ చిక్కును 2006 అటవీ హక్కుల చట్టం సగమే విప్పింది. వెదురు చిన్నతరహా అటవీ ఉత్పత్తి అయింది, కలప ఆ నిర్వచనంలో లేదు. మిగిలిన దారి నిస్తార్ హక్కు, అంటే ఇంటి అవసరాలకు అడవిని వాడుకునే హక్కు. సామూహిక హక్కులకు గ్రామసభ పెట్టే ఫారం-బిలో ఆ గడి ఉంది. దాన్ని ఖాళీగా వదలకండి. ఇంటి దూలం, వాసం అవసరమని అక్కడే రాయించండి.