దిగేటప్పుడు ఇంజన్ ఎందుకు?

తిరుమల నుంచి దిగే పాత ఘాట్ రోడ్డులో సగం దూరం వచ్చాక మా నాయన కారును న్యూట్రల్ చేసి, తాళంచెవి ఒక మెట్టు వెనక్కి తిప్పి ఇంజన్ ఆపేశాడు. నేను పక్క సీట్లో ఉన్నాను. నా భార్యా, బిడ్డా వెనక సీట్లో. మొదటి మలుపులో బ్రేకు పడింది. రెండో మలుపులోనూ పడింది. మూడోదాంట్లో పెడల్ రాయిలాగా బిగుసుకుపోయింది. ఆయన రెండు కాళ్ళతో తొక్కి, చేత్తో హ్యాండ్‌బ్రేక్ లాగాడు. కారు పిట్టగోడను రాసుకుంటూ పోయి ఆగింది. ఎవరికీ ఏమీ కాలేదు. ఎడమ పక్క తలుపు మాత్రం లోపలికి పోయింది.

అక్కడే, రోడ్డు మీదే, నాయన మీద గట్టిగా అరిచాను. ఆయన మారు మాట్లాడలేదు. ఇంటికొచ్చి నీళ్ళు తాగి ఒకే మాట అన్నాడు: "ముప్పై ఏండ్లు దించినా రా ఆ కొండ. ఒక్కనాడూ ఇట్ల కాలేదు."

ఆ మాట నన్ను చాలా రోజులు వదల్లేదు. ఎందుకంటే అది నిజం. తిరుపతిలో ఆయన అంబాసిడర్ టాక్సీ నడిపిన కాలమంతా కొండ దిగేటప్పుడు ఇంజన్ ఆపే దిగాడు. అదృష్టం అనుకుంటే, ముప్పై ఏళ్ళ పాటు రోజుకు రెండు మూడు సార్లు కలిసొచ్చే అదృష్టం ఉండదు. అప్పట్లో అది సరైన పనే అయ్యుండాలి. మరి ఎప్పుడు తప్పైంది? దాన్ని వెతుక్కుంటూ పోతే పెట్రోలు పొదుపు చరిత్ర కొంత తెలిసొచ్చింది.

ముందు కొండ లెక్క చూద్దాం. తిరుపతికీ తిరుమలకూ ఎత్తులో తేడా దాదాపు 700 మీటర్లు. ఒక టన్ను బరువున్న కారును అంత ఎత్తుకు చేర్చాలంటే కావలసిన శక్తి సుమారు 7 మెగాజూళ్ళు. లీటరు పెట్రోల్లో 34 మెగాజూళ్ళ దాకా ఉంటుంది కానీ, ఇంజన్ అందులో పావు వంతే పనికి మారుస్తుంది అనుకోండి, ఎత్తెక్కడానికే ముప్పాతిక లీటరు పైచిలుకు ఖర్చవుతుంది. రోడ్డు రాపిడికీ గాలికీ అయ్యే ఖర్చు దీనికి అదనం. అంటే ఎక్కేటప్పుడు కొండకు అప్పిస్తున్నాం. దిగేటప్పుడు అది తిరిగి ఇవ్వాలి కదా! మా నాయన ఫిజిక్సు చదువుకోలేదు గానీ ఆయన అడిగేది సరిగ్గా ఇదే: "ఎక్కేటప్పుడు తాగిందే ఎక్కువ, దిగేటప్పుడు గూడా పొయ్యాల్నా దానికి?"

ఈ ప్రశ్న ఆయన ఒక్కడిదే కాదు. 1930లో అమెరికాలో స్టూడీబేకర్ కంపెనీ తన కార్లలో 'ఫ్రీ వీలింగ్' అనే ఏర్పాటు పెట్టింది. యాక్సిలరేటర్ మీంచి కాలు తీయగానే ఇంజన్‌తో సంబంధం లేకుండా చక్రాలు వాటంతటవే తిరుగుతాయి. సైకిల్లో తొక్కడం ఆపినా చక్రం తిరుగుతూనే ఉంటుందే, అలా. ఇంధనం ఆదా అని దాన్ని గొప్పగా అమ్మారు, మిగతా కంపెనీలూ అనుసరించాయి. కానీ పల్లంలో ఇంజన్ పట్టు ఉండదు, భారమంతా బ్రేకుల మీదే పడుతుంది, ఆ కాలపు డ్రమ్ బ్రేకులు వేడెక్కితే పట్టు తప్పేవి. దశాబ్దం తిరిగేసరికి ఆ ఏర్పాటు చాలావరకు కనుమరుగైంది. పల్లంలో న్యూట్రల్‌లో పోకూడదని కాలిఫోర్నియాలో ఏకంగా చట్టమే ఉంది. అంటే మా నాయన చేసిన పని ఒకప్పుడు కంపెనీలు డబ్బులు తీసుకుని అమ్మిన సౌకర్యం!

ఆ కాలిఫోర్నియాలోనే 1936లో గిల్మోర్ అనే ఆయిల్ కంపెనీ లాస్ ఏంజెలెస్ నుంచి యోసెమిటీ వరకు ఒక పోటీ పెట్టింది. గెలుపు వేగానికి కాదు, తక్కువ పెట్రోలుతో చేరినవాళ్ళకు. తర్వాత మొబిల్ పేరుతో 1968 దాకా సాగింది. మెత్తగా తొక్కాలి, ముందు చూపుతో బ్రేకు అవసరమే రాకుండా నడపాలి, టైర్లలో గాలి సరిగ్గా ఉంచాలి. ఇలా పాదంతో చేసే పొదుపుకు అప్పటికే ఒక శాస్త్రం ఉండేది.

న్యూట్రల్ వల్ల నిజంగా ఆదా అయ్యేదా? కార్బురేటర్ కారులో అయ్యేది. కార్బురేటర్‌కు బుర్ర లేదు. ఇంజన్ గాలిని పీలిస్తే ఆ గాలితో పాటు పెట్రోలు కూడా పోతుంది, అంతే. గేర్లో ఉంచి పల్లంలో దిగితే చక్రాలు ఇంజన్‌ను వేగంగా తిప్పుతాయి, అది గట్టిగా పీలుస్తుంది, అక్కర్లేకున్నా ఐడిల్ దారిలో పెట్రోలు కారుతూనే ఉంటుంది. న్యూట్రల్ చేస్తే ఇంజన్ నెమ్మదిస్తుంది, కారడం తగ్గుతుంది. ఆపేస్తే పూర్తిగా ఆగుతుంది. గేర్లో ఉంచి తాళం ఆపితే మాత్రం కాలని పెట్రోలు సైలెన్సర్లోకి పోయి, మళ్ళీ స్టార్ట్ చేసినప్పుడు 'ఠప్'మని పేలేది. అందుకే ముందు న్యూట్రల్, తర్వాత తాళం. ఈ వరస నాయనకు నేర్పింది ఎవరో తెలియదు, ఆయన మాత్రం ఎప్పుడూ తప్పలేదు.

ఆయన క్లీనరుగా చేరింది 1974లో, పదహారేళ్ళ వయసులో. అప్పటికి కొన్ని నెలల ముందే, 1973 అక్టోబరులో, అరబ్-ఇజ్రాయెల్ యుద్ధం వచ్చింది. పీపా మూడు డాలర్ల దగ్గరున్న ముడిచమురు 1974 జనవరికల్లా పన్నెండుకు చేరువైంది. అమెరికాలో ఆ నెలలోనే హైవేల మీద వేగాన్ని గంటకు 55 మైళ్ళకు పరిమితం చేస్తూ నిక్సన్ సంతకం పెట్టాడు. మన దగ్గర పెట్రోలు ధర పెంచినందుకు నిరసనగా 1973 నవంబరులో వాజపేయి ఎద్దులబండి మీద పార్లమెంటుకు వెళ్ళాడు. ఇవన్నీ పేపర్లో వచ్చిన సంగతులు. మా నాయనకు తెలిసింది ఇంకొకటి: కారు ఓనరు పొద్దున పెట్రోలు కొలిచి పోయించేవాడు, సాయంత్రం మళ్ళీ కొలిచేవాడు. తేడా వస్తే బేటాలో కోత. అలా బతికినవాడికి పొదుపు అలవాటు కాదు, జీతం.

తర్వాత సొంత అంబాసిడర్ కొన్నప్పుడు కూడా లెక్క మారలేదు. కొండ దిగడానికి నలభై నిమిషాలు. అంతకన్నా ముందు కిందికి చేరితే జరిమానా, అది దేవస్థానం పెట్టిన నియమం. ఆ ఇంజన్ ఊరికే తిరుగుతూ గంటకు లీటరు తాగేదనుకున్నా, దింపుడుకు అర లీటరు మించి మిగిలేది. మూడు ట్రిప్పులు తిరిగితే రెండు లీటర్లు. ఇంట్లో మేము నలుగురం. ఆ రెండు లీటర్లలో నా స్కూలు ఫీజు ఎంత భాగమో నేనెప్పుడూ లెక్క వెయ్యలేదు.

ప్రభుత్వం కూడా పొదుపు పాఠాలు చెప్పింది. 1978లో పెట్రోలియం కన్సర్వేషన్ రీసెర్చ్ అసోసియేషన్ పెట్టారు. గంటకు 45 నుంచి 55 కిలోమీటర్ల మధ్య నడపండి, సిగ్నల్ దగ్గర ఇంజన్ ఆపండి, క్లచ్ మీద కాలు పెట్టి నడపకండి, టైర్లలో గాలి చూసుకోండి. ఈ మాటల్లో వేగం గురించినదానికి గట్టి కారణం ఉంది. గాలి అడ్డు వేగానికి వర్గంగా పెరుగుతుంది. 80 నుంచి 100కు పోతే వేగం పెరిగింది పావు వంతే, గాలి మాత్రం సగానికి పైగా ఎక్కువ బలంతో వెనక్కి నెడుతుంది.

ఇక కారు ఎంపిక. 1983 డిసెంబరులో మారుతి 800 వచ్చింది. 796 సీసీ, మూడు సిలిండర్లు, తేలికైన ఒళ్ళు. పొదుపు డ్రైవరు పాదం నుంచి కారు డిజైన్‌లోకి మారింది అప్పుడే. నేను హైస్కూల్లో ఉండగా "నాయనా, అంబాసిడర్ అమ్మేసి మారుతి తీసుకోవచ్చు కదా" అని అడిగితే ఆయన నవ్వాడు. "ఇది తొమ్మిదిస్తాది, ఏడుగురు ఎక్కుతారు. అది పదహారిస్తాది, నలుగురు. నువ్వే గుణించుకో." ఒకటి 63, ఇంకొకటి 64! తలా ఒక్క కిలోమీటరుకు ఖర్చయ్యే పెట్రోలు రెండింట్లో దాదాపు ఒకటే. ఎక్కే సామాను, యాత్రికుల పిల్లలు కలుపుకుంటే అంబాసిడరే మేలు.

ఇంజనీరింగ్ చదివిన నేను మాత్రం నా మొదటి కారు కొనేటప్పుడు పప్పులో కాలేశాను. లీటరుకు 20 ఇచ్చే కారుకూ 25 ఇచ్చే కారుకూ తేడా అయిదు కదా అని రెండోదానికి లక్ష రూపాయలు ఎక్కువ పెట్టాను. 'లీటరుకు ఎన్ని కిలోమీటర్లు' అనే కొలతే మనల్ని మోసం చేస్తుందని 2008లో లారిక్, సోల్ అనే ఇద్దరు పరిశోధకులు 'సైన్స్' పత్రికలో రాశారు, వాళ్ళు రాసింది మైళ్ళూ గ్యాలన్ల గురించి. వంద కిలోమీటర్లకు ఎన్ని లీటర్లు అని తిరగేసి చూడండి. 20 నుంచి 25కు పోతే మిగిలేది ఒక్క లీటరు. 10 నుంచి 12కు పోతే లీటరున్నర దాటి మిగులుతుంది. పొదుపుగా ఉన్నదాన్ని ఇంకా పొదుపు చెయ్యడం కన్నా తాగుబోతు బండిని కాస్త మాన్పించడం మేలన్నమాట. పైగా కంపెనీ చెప్పే అంకె పరీక్ష గదిలో రోలర్ల మీద, ఏసీ లేకుండా, దాదాపు ఇరవై నిమిషాలు నడిపి తీసింది. మన రోడ్డుకూ దానికీ చుట్టరికం దూరం.

మరి న్యూట్రల్ ఎప్పుడు తప్పైంది? 1967లో బాష్ ఎలక్ట్రానిక్ ఇంజెక్షన్‌ను ఫోక్స్‌వాగన్ కారులో పెట్టింది. కారణం మైలేజీ కాదు, కాలిఫోర్నియా పొగ నియమాలు. మన దగ్గరకు రావడానికి ముప్పై ఏళ్ళు పట్టింది. ఢిల్లీ కాలుష్యం మీద సుప్రీంకోర్టు 1999లో ఇచ్చిన ఆదేశాల తర్వాత చిన్న కార్లలో కూడా కార్బురేటర్ పోయి ఇంజెక్షన్ వచ్చింది. ఈ కారుకు బుర్ర ఉంది. గేర్లో ఉండి, కాలు తీసేసి, ఇంజన్ ఒక మాదిరి వేగంతో తిరుగుతుంటే ఇంజెక్టర్లను పూర్తిగా మూసేస్తుంది. ఇంజన్‌ను కొండే తిప్పుతుంది. అదే న్యూట్రల్ చేస్తే ఇంజన్ ఆగిపోకుండా ఉండటానికి పెట్రోలు పొయ్యాల్సిందే. అంటే ఒకప్పటి నిజం సరిగ్గా తలకిందులైంది. పైనుంచి, అంబాసిడర్ల కాలంలో చాలా బండ్లకు బ్రేక్ బూస్టర్ ఉండేది కాదు. ఇంజన్ ఉన్నా లేకున్నా పెడల్ బరువు ఒకటే. ఇప్పటి బూస్టర్ ఇంజన్ పీల్పు మీద ఆధారపడుతుంది. ఆపేశాక దాచిన పీల్పు రెండు మూడు తొక్కుళ్ళకు సరిపోతుంది. మూడో మలుపులో మాకు జరిగింది అదే. తాళం ఇంకాస్త వెనక్కి తిరిగి స్టీరింగ్ కూడా బిగుసుకుని ఉంటే ఇది రాసేవాణ్ణి కాదేమో.

ఈ మార్పు గురించి ఆయనకు ఎవరూ చెప్పలేదు. పెడల్సు అవే, గేర్లు అవే, స్టీరింగ్ అదే. లోపల ప్రపంచం మారింది, బయట ఏమీ మారలేదు. ఆ కారు కొనిచ్చింది నేను. తాళాలు చేతిలో పెట్టాను, ఫొటో తీసుకున్నాను, హైదరాబాద్ వెళ్ళిపోయాను. కోడ్‌లో పాత ఫంక్షన్ పేరు అలాగే ఉంచి లోపల పని మార్చేస్తే, వాడేవాళ్ళకు ముందే చెప్పాలని ఆఫీసులో జూనియర్లకు పాఠాలు చెబుతుంటాను. ఇంట్లో చెప్పలేదు. ఆ రోజు ఘాట్ రోడ్డు మీద అరవాల్సింది నేను కాదు.

తలుపు బాగు చేయించాక ఒక చిన్న ఓబీడీ రీడర్ కొని కారుకు తగిలించాను. నాయన్ను పక్కన కూర్చోబెట్టుకుని నేను నడిపాను. మూడో గేర్లో కాలు తీసేస్తే ఫోను తెర మీద ఇంధనం సున్నా. న్యూట్రల్ చేస్తే గంటకు 0.7 లీటర్లు. మళ్ళీ గేరు, మళ్ళీ సున్నా. ఆయన కళ్ళద్దాలు పెట్టుకుని మూడు నాలుగు మలుపులు దాన్నే చూశాడు.

"అయితే ఇప్పుడు ఆపకపోతేనే మిగుల్తాది."

"అవును నాయనా."

"ఈ ముక్క ముందే చెప్పింటే అయిపోయేది కదరా."

2022 సెప్టెంబరు నుంచి ఆ కొండ మీద ఎలక్ట్రిక్ బస్సులు తిరుగుతున్నాయి. దిగేటప్పుడు వాటి మోటారే జనరేటరై బ్యాటరీని కొంత నింపుతుంది. 1997 చివర్లో జపాన్‌లో వచ్చిన ప్రియస్ చేసిందీ ఇదే. మొన్న ఇద్దరం ఆ బస్సులో దిగాం. ఈ సంగతి చెబితే నాయన కిటికీలోంచి చూస్తూ కాసేపు ఏమీ అనలేదు. తర్వాత అన్నాడు: "కొండ ఇప్పటికి బాకీ తీరస్తా ఉందన్నమాట."