తొలి తెలుఁగు టాకీలు - వాడుకభాష

తెలుఁగున మొదటి సంపూర్ణ శబ్దచిత్రమగు భక్తప్రహ్లాద 1931 సెప్టెంబరున వెలువడెనని చిరకాలము వ్రాయుచు వచ్చిరి. ఆధారములను శోధింపఁగా నది 1932 ఫిబ్రవరి 6వ తేదీన బొంబాయియందు విడుదల యయ్యెనని తేలినది. తేదీ మాఱినను చిత్రస్వభావము మాఱలేదు. హెచ్. ఎం. రెడ్డిగారు బొంబాయిలోఁ దీసిన యీ చిత్రము రంగస్థల నాటకమునకుఁ బ్రతిబింబము. నటులను, కథను రంగస్థలమే యొసఁగినది. లీలావతి పాత్ర ధరించిన కమలాబాయి సురభి నాటకకుటుంబమునకుఁ జెందినదియే. కావున నాటకములందు నలవడిన గ్రాంథికమును, పద్యమును నట్లే తెరమీఁది కెక్కినవి.

అప్పటికిఁ బండితలోకమున భాషావివాదము చల్లాఱలేదు. 1911న స్థాపితమైన ఆంధ్రసాహిత్యపరిషత్తు జయంతి రామయ్యపంతులుగారి నాయకత్వమున గ్రాంథికమును సమర్థించుచుండ, గిడుగు రామమూర్తిపంతులుగారు వాడుకభాషకై పోరాడిరి. గురజాడవారి కన్యాశుల్కము 1892ననే ప్రదర్శితమై, 1897న నచ్చుపడినను, నాటకకర్తలు పెక్కురు దాని త్రోవఁ ద్రొక్కరైరి. వాదమంతయు నక్షరాస్యుల నడుమనే సాగినది. అక్షరము నెఱుఁగని రైతు నభిప్రాయమును నుభయపక్షములవారు నడుగలేదు.

ఆ రైతు టాకీశాలకు వచ్చుచుండెను. 1938న గూడవల్లి రామబ్రహ్మముగారు చలముగారి కథతో మాలపిల్ల తీసిరి. సంభాషణలు వ్రాసిన తాపీ ధర్మారావుగారు వాడుకభాషను గైకొనిరి. బ్రాహ్మణయువకుఁడు హరిజనకన్యను వలచుటయు, హరిజనుల యాలయప్రవేశమును నిందలి విషయములు. తిరువాన్కూరున 1936లో నాలయప్రవేశ శాసనము వెలువడినది. మద్రాసు రాజధానిలో నట్టి చట్టము 1939న వచ్చినది. ఆ నడిమికాలమున నీ కథ గ్రామములఁ జర్చకు వచ్చెను. గుడి వాకిట నిలువరింపఁబడిన పిల్ల నోట వ్యాకరణసూత్రముల కొదిఁగిన వాక్యముఁ బెట్టినచో, నామె బాధ పండితుని బాధగా వినఁబడును. భాషను మార్చుటయే యిచ్చట న్యాయము. గిడుగువారు 1940 జనవరిలో దివంగతులగునప్పటికి, వారి పక్షమునకు వ్యాసములు సంపాదింపలేని శ్రోతలను తెర సంపాదించి యుండెను.

దేవతలు మాత్రము చాలకాలము గ్రాంథికమును విడువలేదు. పౌరాణికచిత్రములందుఁ గృష్ణుఁడును, రావణుఁడును బిరుదైన మాటలనే పలికిరి. జనులు వానిని గంఠస్థము చేసిరి. పండితుని పక్షమునకును దెర యొక మేలు చేసెనని చెప్పక తప్పదు.

అయితే సాంఘికచిత్రములు గెలిపించిన వాడుక యెవరిది? కృష్ణా, గుంటూరు, గోదావరి తీరముల విద్యావంతుల పలుకుబడియే నాయకుని భాషయయ్యెను. తెలంగాణపు, రాయలసీమపు, ఉత్తరాంధ్రపు పలుకులు తఱచుగా నవ్వించువానికో, పనివానికో, దుష్టునికో దక్కినవి. ఒక గ్రాంథికమును తొలఁగించి మఱియొక గ్రాంథికమును నిలిపినట్లైనది. 2023న వెలువడిన వేణు యెల్దండిగారి బలగము పూర్తిగాఁ దెలంగాణ పలుకుబడిన నడచినది. చేతిలోని ఫోనునందే చూడఁగలిగిన యా చిత్రమును, పల్లెలవారు బయలున తెర గట్టి యూరంతయుఁ గూర్చుండి చూచి, తమ పలుకును విని కంటనీరు పెట్టిరి.