“తక్షణం” అంటే ఎంతసేపు?

కాంతి తగిలితే ఎలక్ట్రాన్ తక్షణమే పరమాణువులోంచి బయటికొస్తుందని చాలాకాలం అనుకున్నారు. కొలిచే గడియారం లేదు మరి!

1987లో ఫ్రాన్స్‌లో ఆన్ లూలియే బృందం ఆర్గాన్ వాయువులోకి ఇన్‌ఫ్రారెడ్ లేజర్ పంపితే, దాని ఫ్రీక్వెన్సీకి ఎన్నో బేసి రెట్ల కాంతి వచ్చింది. ఆ తరంగాలన్నీ ఒకే లయలో కలిస్తే అటోసెకండ్ మెరుపులు పుట్టాలి. అటోసెకండ్ అంటే సెకనులో వందకోట్ల వంతు, అందులో మళ్ళీ వందకోట్ల వంతు!

పుట్టాయని కొలిచి చూపేసరికి 2001 వచ్చింది. పియర్ అగోస్తిని 250 అటోసెకండ్ల మెరుపుల వరస చూపించారు, ఫెరెంక్ క్రౌస్ 650 అటోసెకండ్ల ఒంటరి మెరుపు.

2010లో క్రౌస్ బృందం నియాన్‌ని పరీక్షించింది. రెండు కక్ష్యల ఎలక్ట్రాన్లు బయటపడటంలో సుమారు 20 అటోసెకండ్ల తేడా!

ముగ్గురికీ 2023లో నోబెల్ వచ్చింది. నాకైతే ఆ 20 అంకే ఇంకా గొప్ప. “తక్షణం”లో కూడా కొంత టైమ్ దాగుందని తేల్చింది కదా.