పెరటి కోడి, కొక్కెర తెగులు

తెలుగు పల్లెల్లో పెరటి కోడి చావు చాలాసార్లు ఒక్క రాత్రిలో జరిగిపోయేది. సాయంత్రం గంప కింద కమ్మిన పెట్ట తెల్లారేసరికి బిగుసుకుపోయి ఉండేది. గద్ద తన్నుకుపోవడం, పిల్లి పట్టుకుపోవడం ఎప్పుడూ ఉన్నవే. వాటికి కారణం కళ్ళెదుట కనిపిస్తుంది. ఏ కారణమూ కనిపించకుండా వాడంతా కోళ్ళను తుడిచిపెట్టేది కొక్కెర తెగులు. ఎండలు ముదిరే రోజుల్లో దాని ఉధృతి ఎక్కువ.

తెగులు సోకిన కోడి ముందు మేత మానేస్తుంది. రెక్కలు వాల్చి, ఈకలు ఉబ్బించి, మూలకు ఒదిగి కునుకుతుంది. నోరు తెరిచి గురగురమంటూ ఊపిరి తీస్తుంది. ఆకుపచ్చగా పారుతుంది. ఆ దశ దాటి బతికిన వాటిలో కొన్నింటికి మెడ మెలి తిరుగుతుంది. గింజను పొడవబోతే ముక్కు పక్కకు పోతుంది, మళ్ళీ పొడుస్తుంది, మళ్ళీ తప్పుతుంది. ఆకలి ఉండి కూడా తినలేకపోయే ఆ అవస్థ పెంచినవాళ్ళు చూడలేనిది. వైరస్ తీవ్రమైనదైతే టీకా పడని మందలో దాదాపు ఒక్కటీ మిగలదు.

ఆ నష్టం ఎక్కువగా ఇంటి ఆడవాళ్ళది. పొలం, గొడ్డు మగవాళ్ళ లెక్కలోకి పోయినా కోడి, గుడ్డు ఇల్లాలి చేతి సొమ్ము. ఉప్పుకీ పప్పుకీ, పిల్లల పలకా బలపానికీ అక్కరకొచ్చేది అదే. నాటు పెట్ట ఏడాదికి యాభై, అరవై గుడ్లే పెట్టినా తానే పొదిగి పిల్లల్ని లేపుతుంది, గద్ద నీడ పడితే రెక్కల కిందికి లాక్కుంటుంది. అలాంటి పెట్ట పోతే పొదుగుతున్న గుడ్లూ పోయినట్టే. చేతిలో నూకలు తినే కోడికి పేరు పెట్టి పిలిచే పిల్లలకు మాత్రం ఈ లెక్కలేవీ పట్టవు. ఎద్దు చనిపోతే ఊరు వచ్చి పరామర్శించేది. కోడి చనిపోతే ఎవరూ వచ్చేవారు కాదు. అంతమాత్రాన ఆ ఇంట్లో దుఃఖం లేదనుకోవడం పొరపాటు.

ఆ దుఃఖం హడావిడి పనుల్లోనే కరిగిపోయేది. డీలా పడ్డ కోడిని వేరే గంప కింద పెట్టి, పసుపూ వెల్లుల్లీ నూరిన ముద్ద మింగించేవారు. గుణం కనిపించకపోతే ప్రాణం పోకముందే కోసేవారు, లేదా సంతకు పంపేవారు. మచ్చికైన కోడి అయితే ఆ ఇంటివాళ్ళకు ముద్ద దిగేది కాదు, ఎవరికైనా ఇచ్చేసేవారు. తెగులు ఊరు దాటడానికి ఇవే దారులయ్యాయి. సంతకెళ్ళిన కోడి పక్క ఊరికి రోగాన్ని మోసేది. పెంటకుప్ప మీద పడేసిన ఈకలూ పేగులూ మిగిలిన కోళ్ళే కెలికి తినేవి.

తెగులు నుంచి కోళ్ళను కాపాడుకోవడానికి జనానికున్న ఇంకో దారి అమ్మవారు. హెన్రీ వైట్‌హెడ్ అనే బిషప్ 1916లో అచ్చయిన దక్షిణ భారత గ్రామదేవతల పుస్తకంలో తెలుగు ఊళ్ళలో మశూచి, కలరా, గొడ్ల తెగుళ్ళు వచ్చినప్పుడు చేసే జాతరల్ని నమోదు చేశాడు. వాటిలో కోడి బలిగా మళ్ళీ మళ్ళీ కనిపిస్తుంది. ఊరిని కాపాడమని కోడినిచ్చిన జనం, కోళ్ళే పోతున్నప్పుడు కూడా ఆ తల్లికే మొక్కుకున్నారు.

తెగులుకు కారణం 1920లలో తెలిసింది. 1926లో జావాలోనూ, ఇంగ్లండులోని న్యూకాసిల్ దగ్గరా కోళ్ళు గుంపులుగా చనిపోయాయి. దీనికి వైరస్ కారణమని 1927లో డాయిల్ అనే పరిశోధకుడు వివరించాడు. అంతకు ముందు 1896లో స్కాట్లండ్ పడమటి దీవుల్లో కోళ్ళను ఊడ్చేసింది కూడా ఇదే కావచ్చని తర్వాతి పరిశోధకులు అనుమానించారు. మన దేశంలో కుమావూఁ కొండల్లోని రాణీఖేత్‌లో కనబడిన వ్యాధిని 1928లో ఎడ్వర్డ్స్ అనే పరిశోధకుడు నమోదు చేశాడు. పశువైద్యుల పుస్తకాల్లో రాణీఖేత్ వ్యాధి అన్నా, పల్లెలో కొక్కెర అన్నా ఒకటే. 1940ల్లో ముక్తేశ్వర్ పరిశోధనా సంస్థలో వైరస్‌ను కోడిగుడ్డులో పెంచి బలహీనపరిచి టీకా తయారుచేశారు. అదే ఆర్-టు-బి. లేత పిల్లలు దాని తాకిడికి తట్టుకోలేవు. అందుకే తొలి వారంలో కంట్లోనో ముక్కులోనో లసోటా అనే టీకా చుక్క వేసి, ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో రెక్క కింద ఆర్-టు-బి సూది వేయడం ఆనవాయితీ అయింది.

టీకా వచ్చాక కూడా పెరటి కోడి చావు ఆగలేదు. కారణం చాలావరకు సీసాలోనే ఉంది. ఒక్కో సీసాలో వంద నుంచి వెయ్యి కోళ్ళకు సరిపడా మందు ఉంటుంది, కలిపాక గంటా రెండు గంటల్లో వాడెయ్యాలి, అంతదాకా చల్లగా ఉంచాలి. ఫారం యజమానికి ఇది సులువు. ఏడెనిమిది కోళ్ళున్న ఇల్లాలికి వాడంతా కూడి రావాలి, లేదా పశువుల ఆస్పత్రివాళ్ళు ఊరికి రావాలి. వేడికి తట్టుకునే టీకాలను ఆస్ట్రేలియాలో పీటర్ స్ప్రాడ్‌బ్రో బృందం తయారుచేసింది సరిగ్గా ఈ ఇబ్బంది తీర్చడానికే. హైదరాబాదులోని కోళ్ళ పరిశోధనా సంస్థ వనరాజా, గ్రామప్రియ వంటి పెరటి జాతులను ఇచ్చింది. వాటికీ కొక్కెర టీకా తప్పదు.

తర్వాత బర్డ్ ఫ్లూ వచ్చింది. మన దేశంలో 2006లో మహారాష్ట్రలోని నవాపూర్‌లో మొదలై, 2015లో హైదరాబాదు శివారు హయత్‌నగర్ ప్రాంతానికీ, 2025లో గోదావరి జిల్లాలకూ చేరింది. రోగం తేలిన చోటు చుట్టూ కిలోమీటరు మేర పక్షులన్నిటినీ చంపాలన్నది నిబంధన. ఫారంలో వేల కోళ్ళతో పాటు పక్కింటి పెరట్లో ఆరోగ్యంగా తిరిగే పెట్ట కూడా ఆ లెక్కలోకే వస్తుంది. పరిహారం చంపిన పక్షులకే గానీ అంతకు ముందే రోగంతో చచ్చినవాటికి లేదు. చనిపోయిన కోడిని ఇప్పుడు పెంటకుప్ప మీద వెయ్యకూడదు. లోతుగా గొయ్యి తవ్వి, సున్నం చల్లి పూడ్చాలి. గంపనూ, నీళ్ళ మూకుడునూ కడిగి ఎండబెట్టి, కొన్ని వారాల దాకా ఆ పెరట్లోకి కొత్త కోడిని తేకుండా ఆగాలి.