మూడు నిమిషాల మైనపు పలక



మీలో చాలామందికి పాట వచ్చు. పెళ్ళయ్యాక హార్మోనియం పెట్టె అటకెక్కినా, పిల్లను జోకొట్టేటప్పుడో, మంగళహారతి ఇచ్చేటప్పుడో ఆ గొంతు బయటికి వస్తూనే ఉంటుంది. అందుకే ఈవేళ ఒక గాయని తొలి రికార్డు కథ చెబుతాను. ఆవిడ మన నెల్లూరు సీమ ఆడపడుచు.

వెంకటగిరి అనగానే మనకు జరీ అంచు చీర గుర్తుకొస్తుంది కదూ! ఆ ఊళ్ళోనే 1928 ఆగస్టులో రావు బాలసరస్వతీదేవి పుట్టారు. అప్పుడది నెల్లూరు జిల్లా. 2022లో తిరుపతి జిల్లాలో చేరింది. ఆరేళ్ళ వయసులో, అంటే 1934 ప్రాంతంలో, కుక్కబొమ్మ గుర్తున్న హెచ్.ఎం.వి. కంపెనీ ఆ పసిపిల్ల చేత సోలో రికార్డు పాడించింది.

ఆరోజుల్లో రికార్డివ్వడమంటే మాటలా? ఇప్పుడైతే తప్పు పాడిన ముక్క మటుకు మళ్ళీ పాడి అతికిస్తారు. అప్పుడు తిరుగుతున్న మైనపు పలకమీద పాట గీతలుగా పడేది. ఒక పక్కకు పట్టేది మూడు, మూడున్నర నిమిషాలే. చివరి చరణంలో దగ్గు వచ్చినా ఆ పలక దండగే, మళ్ళీ మొదటినుంచీ పాడవలసిందే. ఆ మైనపు అచ్చునుంచి చివరకు లక్క పళ్ళాలు తీసేవారు. మన గాజులకు వాడే లక్కేనండీ! చేయిజారితే చిల్లపెంకులైపోయేవి.

ఇంకో సంగతి. 1902లో కలకత్తాలో గౌహర్ జాన్ పాడిన నాడు మైకు లేదు, పెద్ద కొమ్ములోకి గొంతెత్తి పాడాలి. 1925 తరవాత విద్యుత్తు మైకు వచ్చింది. దాంతో మెల్లగా, మృదువుగా పాడే గొంతుకూ చోటు దొరికింది. బాలసరస్వతిగారి లలితమైన కంఠం ఈ కొత్త యంత్రానికి అతికినట్టు సరిపోయింది.

మరి లోకం? తొలినాళ్ళలో రికార్డిచ్చిన ఆడవాళ్ళు ఎక్కువమంది కళావంతుల ఇళ్ళవారే. బెంగుళూరు నాగరత్నమ్మ వంటి విదుషీమణుల పళ్ళాలు కొని ఇంట్లో మురిసిపోతూ వినేవారు. తమ ఇంటి పిల్ల పాడతానంటే మాత్రం "సంసారుల ఇంట ఇదేమిటి" అనేవారు. పాట కావాలి, పాడే మనిషి మటుకు గడప బయట ఉండాలి! ఇదేం న్యాయమో మీరే చెప్పండి.

ఆ తరవాత ఆవిడ 1936లో బాలనటి అయ్యారు. 1938 జూన్ 16న మద్రాసు రేడియో కేంద్రం మొదలయ్యాక లలిత సంగీతం పాడి ఇంటింటికీ పరిచయమయ్యారు. 1940లో 'ఇల్లాలు'లో నటించారు. 1943లో 'భాగ్యలక్ష్మి' చిత్రంలో కమలా కొట్నీస్‌కు పాడి, తెలుగులో తొలి నేపథ్యగాయని అనిపించుకున్నారు. దాని దర్శకులు పి. పుల్లయ్యగారు కూడా నెల్లూరివారే.

1944లో కోలంక రాజావారితో వివాహమైంది. 1953 నాటి 'దేవదాసు'లో కూడా ఆవిడ గొంతు వింటాం. కాని సినిమా పాట క్రమంగా తగ్గి, ఆగిపోయింది. పెళ్ళితో పాట సన్నగిల్లడం రాణివాసంలోనూ ఉంది, మన రెండు గదుల ఇళ్ళలోనూ ఉంది. తేడా ఒక్కటే. ఆవిడ గొంతు అప్పటికే పళ్ళెం మీద నిలిచిపోయింది. మన అమ్మమ్మల గొంతులు వారితోనే పోయాయి.

బాలసరస్వతీదేవిగారు 2025 అక్టోబరులో, 97 ఏళ్ళు నిండాక కన్నుమూశారు. మూడు నిమిషాల పళ్ళెం మనిషికంటే గట్టిది.

అందుచేత మీ అత్తగారికో, అమ్మకో ఒక పాట వస్తే, ఈ ఆదివారం పాడించి పట్టి ఉంచండి. యంత్రం ఇప్పుడు ప్రతి ఇంట్లోనూ చేతిలోనే ఉంది. "నాకెందుకే ఈ వయసులో" అంటారు. అననివ్వండి. రెండోసారి అడిగితే పాడతారు.